మంచు అడుగున పొలము

విశాఖపట్టణపు తీరమున నిలిచి, తూర్పునకు గాక నేరుగా దక్షిణమునకు ముఖము త్రిప్పి, ఆ దిక్కున గీత గీచినట్లు ఓడను నడపగలిగినచో, సింహళద్వీపమును కుడిచేతివైపున విడిచి, భూమధ్యరేఖను దాటి, హిందూ మహాసముద్రమును నిలువునా చీల్చుకొని పోవు ఆ ఓడకు త్రోవలో ఒక్క దీవియైనను అడ్డము రాదు. తొమ్మిదివేల కిలోమీటర్లకు పైగా నడచిన పిమ్మట దాని ముక్కు తగులునది దక్షిణధ్రువ ఖండపు మంచుగోడకే. మనకును ఆ ఖండమునకును నడుమ ఉన్నది నీరు మాత్రమే. ఇరుగుపొరుగు వారమని చెప్పుకొనుటకు ఇంతకంటె గట్టి దస్తావేజు అక్కరలేదు.

అయితే ఆ ఓడ అక్కడికి చేరునది సెప్టెంబరు మాసమైనచో, గోడదాకా పోవుట వట్టిమాట. ఖండము ఇంకను వందలకొలది కిలోమీటర్ల దూరమున ఉండగనే సముద్రము గడ్డకట్టి, కనుచూపుమేర తెల్లని మైదానమై అడ్డగించును. మనకు వానకాలము వెనుకబట్టు ఆ దినములు అక్కడ చలికాలపు కొస. అదే ఓడ ఫిబ్రవరిలో పోయినచో, మొన్న మైదానమున్న చోట నీలిజలములు అలలెత్తుచుండును.

ఉప్పునీరు మంచినీటివలె సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు. ఇంచుమించు మరి రెండు డిగ్రీలు దిగవలెను. అప్పుడు మొదట నీటిపై సన్నని స్ఫటికములు తేలి, నూనె తెట్టుకట్టినట్లు సముద్రము మందగించును. అలల తాకిడికి ఆ తెట్టు తునుకలై, ఒకదానినొకటి ఒరసికొని, అంచులు పైకి లేచిన గుండ్రని బిళ్ళలగును. ఇంగ్లీషు నావికులు వీనిని చూచి తమ యింటి అట్లను తలచుకొని ఆ పేరే పెట్టిరి; మనవారు చూచియున్నచో తామరాకులని యుందురేమో. ఆ బిళ్ళలు అతుకుకొని పలకయగును, పలక మందమై దాదాపు మీటరు దళసరి గల నేలయగును. ఫిబ్రవరి చివర దక్షిణధ్రువము చుట్టును మిగులు సముద్రపు మంచు సుమారు 30 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా మన దేశపు వైశాల్యమునకు కొంచెము తక్కువ. సెప్టెంబరు నాటికి అది 1 కోటి 85 లక్షల చదరపు కిలోమీటర్లకు వ్యాపించును. ఏటేటా దాదాపు ఐదు భారతదేశముల నేల నీటిమీద పుట్టి, ఏటేటా కరగి మాయమగుచున్నదన్న మాట.

ఇచ్చట ఒక భేదము చెప్పవలసియున్నది. ఖండముమీద పేరుకొన్న మంచు వేరు, సముద్రముమీద పుట్టు మంచు వేరు. మొదటిది లక్షల యేండ్లుగా కురిసిన హిమము తన బరువునకు తానే అణగి గట్టిపడినది. సగటున రెండు కిలోమీటర్ల మందము గలది. లోకమందలి మంచులో పదింట తొమ్మిది పాళ్ళు అదే. రెండవది చాలవరకు ఒక్క యేటి పంట. పత్రికలు మొదటిదానిని గూర్చియే విరివిగా వ్రాయుచున్నవి. అది కరగినచో సముద్రమట్టము పెరిగి తీరదేశములు మునుగునను భయము న్యాయమైనదే. రెండవది నీటిపై తేలుచున్నదే కనుక, అది కరగినను సముద్రము పెరుగదు. అందువలన దానిని లెక్కకు తెచ్చుకొనువారు తక్కువ. నేను వ్రాయదలచినది ఆ రెండవదానిని గూర్చి.

సముద్రము గడ్డకట్టునప్పుడు నీటిలోని ఉప్పు మంచులో ఇముడదు. కొంత సన్నని నాళములలో చిక్కుకొని నిలుచును; తక్కినది క్రిందికి జారి, అచ్చటి నీటిని మరింత చిక్కగా, బరువుగా చేయును. అట్లు బరువెక్కిన చల్లని నీరు ఖండపుటంచున అగాధమునకు దిగి, మూడు మహాసముద్రముల అడుగునను ఉత్తరముగా మెల్లగా ప్రాకుచు, పైనుండి తెచ్చుకొన్న ప్రాణవాయువును ఆ చీకటి లోతులలోని జీవులకు పంచుచుండును.

ఆ నాళములలో నిలిచిన ఉప్పునీటియందును, మంచుపలక అడుగుభాగమునను సూక్ష్మమైన శైవలములు పెరుగును. పైనుండి చూచువానికి తెల్లగా, నిర్జీవముగా కనబడు ఆ మైదానమును ఎవడైన తిరగవేయగలిగినచో, అడుగువైపు గోధుమవన్నె పులిమినట్లుండును. చీకటికాలమున మంచునుండి వడిసివచ్చు కొలదిపాటి వెలుతురుతోనే ఈ నాచు బ్రదుకుచు, వసంతమున సూర్యుడు పైకెక్కినకొలది దట్టముగా మొలచును. మన పొలము క్రింద ఉండును, ఆకాశము పైన ఉండును. అక్కడ పొలము పైకప్పునుండి తలక్రిందులుగా వ్రేలాడుచుండును, మేయువారు క్రిందనుండి వచ్చి మేయుదురు. మేయువారిలో ముఖ్యమైనది క్రిల్ అను చిన్నజీవి.

క్రిల్ అనగా నార్వే భాషలో చేపపిల్లలని అర్థమట. కాని ఇది చేప కాదు, రొయ్యకు దూరపు చుట్టము. సంతలో తట్టలకెత్తి అమ్ము రొయ్యపొట్టును ఎరిగినవారికి దీని ఆకృతి క్రొత్త కాదు. పరిమాణమున దానికి పెద్దన్న. ఎంత పెరిగినను ఆరు సెంటీమీటర్లు, బరువు రెండు గ్రాములు, ఆయుర్దాయము అయిదారేండ్లు. దేహము గాజువలె పారదర్శకము, అందు ఎర్రని చుక్కలు, నల్లని గ్రుడ్లవంటి కన్నులు. ఒంటరిగా దీనిని ఎవరును లక్ష్యపెట్టరు. కాని ఇవి గుంపుగూడినప్పుడు ఒక్క ఘనమీటరు నీటిలో పదివేలకు మించి కిక్కిరియును. గుంపు పైకి తేలినచో సముద్రము ఎర్రబారును. దక్షిణ మహాసముద్రమందలి క్రిల్ అంతయు తూచినచో 30 కోట్లనుండి 50 కోట్ల టన్నుల వరకు ఉండునని అంచనా. భూమిపై స్వేచ్ఛగా తిరుగు ఏ ఒక్క జాతి మృగమునకును ఇంత మొత్తపు బరువు లేదు.

దీని జన్మవృత్తాంతము పురాణకథవలె ఉండును. తల్లి వేసవిలో పైనీటియందు గ్రుడ్లు విడుచును. అవి మునుగుచు మునుగుచు దాదాపు వేయి మీటర్ల లోతుకు దిగి, ఆ గాఢాంధకారములో పొదుగబడును. కన్ను తెరచిన శిశువునకు నోరు ఇంకను ఏర్పడియుండదు. గ్రుడ్డులోని పచ్చసొనయే మూటగా, వారములతరబడి పైకి ఎగబ్రాకును. వెలుతురున్న పైనీటికి చేరి, నోరు తెరచి, ఆహారమునకు వెదకునాటికి శరత్తు గడచి చలికాలము ముంచుకొని వచ్చును. అప్పుడు నీటిలో తిండి యుండదు. ఉన్నది ఆ మంచుపలక అడుగు నాచు ఒక్కటే. ముదురు క్రిల్‌కు ఆకలి తట్టుకొను ఉపాయమొకటి కలదు: కుబుసము విడుచుచు విడుచుచు తన దేహమునే చిన్నదిగా చేసికొని, కరవు గడపును. పిల్లలకు ఆ విద్య చాలదు. తొలి చలికాలమున వానికి మంచు అడుగు పొలము దొరకినచో బ్రదుకును, లేనిచో లేదు. కావున మంచు ఆలస్యముగా పట్టి త్వరగా విడిచిన యేడు, ఆ మరుసటి సంవత్సరముల క్రిల్ సంఖ్యలో కనబడును. కార్తెలు తప్పిన యేటి ఫలితము గాదెలో కనబడుట మన రైతులకు తెలియని సంగతి కాదు.

ఈ పొట్టిజీవినే నమ్ముకొని అచ్చటి మహాకాయములన్నియు బ్రదుకుచున్నవి. అడెలీ పెంగ్విన్లు దీనిని తినును. చేపలు, కణవలు దీనిని తినును. నీలితిమింగలము, ముప్పది మీటర్ల నిడివిగల ఆ ప్రాణి, దీనినే దినమునకు టన్నులకొలది మ్రింగును. ఇంగ్లీషువారు ‘పీతలు తిను సీలు’ అని పేరుపెట్టిన జంతువొకటి అక్కడ లక్షలకొలది ఉన్నది. అది పీతను ముట్టదు. దాని దంతములు జల్లెడవలె చీలియుండి, నోటిలోనికి తీసికొన్న నీటిని వడగట్టి క్రిల్‌ను నిలుపుకొనును. ఎవరో తొందరపడి పెట్టిన పేరు అట్లే నిలిచిపోయినది. పేర్లు దిద్దుటకు ఆ సీలు ఎన్నడును అర్జీ పెట్టుకొనలేదు.

మానవుడు ఈ సముద్రమునకు మొదట పోయినది క్రిల్ కొరకు గాదు. దక్షిణ జార్జియా అను దీవిలో గ్రిట్వికెన్ అను రేవు గలదు. స్వీడను దేశపు పరిశోధకులు అక్కడికి పోయినప్పుడు, సీలువేటగాండ్రు పూర్వము క్రొవ్వు కాచుటకు వాడి విడిచిన ఇనుపకాగులు ఒడ్డున పడియుండుట చూచి, కాగుల రేవను అర్థమునిచ్చు ఆ పేరు పెట్టిరి. 1904వ సంవత్సరమున కార్ల్ ఆంటన్ లార్సెన్ అను నార్వే నావికుడు అచ్చట తిమింగలముల కర్మాగారము స్థాపించెను. అది మొదలు 1965 వరకు ఆ ఒక్క దీవి రేవులలో లక్షా డెబ్బదియైదువేలకు పైగా తిమింగలములను కోసి, కాచి, నూనె తీసిరి. ఆ నూనె ఐరోపా ఇండ్లలో సబ్బయ్యెను, రొట్టెమీద పూయు కృత్రిమపు వెన్నయయ్యెను, దానినుండి తీసిన గ్లిసరిన్ యుద్ధకాలమున ప్రేలుడు సామగ్రియయ్యెను. 1925 తరువాత వెనుకభాగమున జారుబల్ల గల ఓడలు వచ్చి, తిమింగలమును ఒడ్డునకు చేర్చు పని లేకుండ నడిసముద్రముననే కోయుట నేర్చిన పిమ్మట వేటకు హద్దే లేకపోయెను. 1930-31 వేటకాలము ఒక్కదానిలోనే 29,000 పైచిలుకు నీలితిమింగలములు హతమయ్యెను.

1946లో తిమింగలవేటను క్రమబద్ధము చేయుటకు దేశములు ఒడంబడిక వ్రాసికొన్నవి. అందు అనుసరించిన లెక్క విచిత్రమైనది: ఒక నీలితిమింగలమునకు రెండు ఫిన్ తిమింగలములు సమానము, రెండున్నర మూపురపు తిమింగలములు సమానము, ఆరు సెయ్ తిమింగలములు సమానము. జీవిని జీవిగా లెక్కింపక నూనెపీపాలుగా లెక్కించిన గుమాస్తా ఒక్కడే అట్టి పద్దు వ్రాయగలడు. జాతి ఏదియైనను మొత్తము సరిపోయిన చాలును గనుక, అన్నిటికన్న ఎక్కువ నూనె యిచ్చు నీలితిమింగలమునే అందరును వెంటాడిరి. ఈ దొంగలెక్కలోను మరొక దొంగతనము జరిగెను: సోవియటు ఓడలు దక్షిణార్ధగోళమున చంపిన మూపురపు తిమింగలములు 48,000కు మించియుండగా, చూపిన లెక్క 2,710. ఆ నిజమును తరువాతి కాలమున రష్యా శాస్త్రజ్ఞులే బయటపెట్టిరి. ఒకప్పుడు రెండు లక్షలకు మించియున్న దక్షిణధ్రువపు నీలితిమింగలములు 1970 దశాబ్దపు తొలినాళ్ళకు కొన్ని వందలకు దిగెను.

అప్పుడు పండితులు ఒక తర్కము చేసిరి. తినువారు పోయిరి; తిండి మిగిలినది; కావున క్రిల్ విపరీతముగా పెరిగియుండవలెను. తర్కము చక్కగనే ఉన్నది. వేటకు పూర్వము తిమింగలములు ఏటికి 43 కోట్ల టన్నుల క్రిల్‌ను తినియుండునని ఇటీవలి గణన. నేడు సముద్రమందున్న క్రిల్ మొత్తమునకు అది ఇంచుమించు సమానము. అంత మిగులు ఎచ్చటికి పోయెను? క్రిల్ పెరుగలేదు సరికదా, నైరుతి అట్లాంటికు వైపున 1970 దశాబ్దమునుండి తగ్గినదనియు, దాని నివాసము దక్షిణముగా ఖండమువైపునకు జరిగినదనియు పెక్కు పరిశీలనలు చెప్పుచున్నవి. ఎంత తగ్గినదను విషయమున మాత్రము శాస్త్రజ్ఞులలో వాదము నడచుచున్నది.

ఆ చిక్కుముడికి కొందరు చెప్పిన సమాధానము మన పల్లెటూరి రైతు వినినచో ‘ఇది చెప్పుటకు ఇంత చదువు కావలెనా’ అనును. దక్షిణ మహాసముద్రమున తక్కిన సారము లన్నియు సమృద్ధిగా ఉన్నను ఇనుము కొరత. ఇనుము లేనిది నాచు పెరుగదు. క్రిల్ నాచును తిని, ఆ ఇనుమును దేహమున దాచుకొనును. తిమింగలము క్రిల్‌ను తిని, పైకి వచ్చి ఊపిరి తీసికొనుచు, పేడ వేయును. ఆ పేడలో ఇనుము చుట్టునున్న నీటికంటె కోటి రెట్లు అధికమని 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చెప్పిరి. మందను అమ్ముకొని, పెంటకుప్ప లేక, చేను పండలేదేమని విచారించిన వానివలె మనము తిమింగలములను చంపి క్రిల్ పెరుగలేదేమని ఆశ్చర్యపడితిమి. ఇది పూర్తిగా రుజువైన సిద్ధాంతమని చెప్పను. కాని నాకు నచ్చినది. 1986 నుండి వాణిజ్యపు వేటపై అంతర్జాతీయ నిషేధము అమలులోనున్నది. మూపురపు తిమింగలములు బాగుగా కోలుకొన్నవి. నీలితిమింగలములు మెల్లగా వచ్చుచున్నవి: 2020లో దక్షిణ జార్జియా సమీపమున ఒక్క యాత్రలో 55 కనబడగా, చూచినవారు దానిని అద్భుతమని వ్రాసికొనిరి.

మంచు అడుగును నమ్ముకొన్నవి కొన్నియైతే, దాని పైభాగమునే పురిటిల్లుగా చేసికొన్న పక్షి ఒకటి కలదు. చక్రవర్తి పెంగ్విన్ తన జీవితమున నేలపై కాలు మోపుట అరుదు. ఎండకాలమున గాక, చీకటిరాత్రులు కమ్మిన నట్టచలికాలమున, తీరమునకు అంటిపట్టుకొన్న సముద్రపు మంచుమీద ఇది సంతానము కనును. ఆడుపక్షి ఒకే గ్రుడ్డు పెట్టి, దానిని మగనికి అప్పగించి, మేతకు సముద్రమునకు పోవును. మగపక్షి ఆ గ్రుడ్డును పాదములపై నిలుపుకొని, పొట్టక్రింది చర్మపు మడతను దుప్పటివలె కప్పి, రెండు నెలలకు పైగా, వేలకొలది తోడివారితో ఒత్తుకొని నిలుచును. గుంపు వెలుపలనున్నవారు మెల్లమెల్లగా లోపలికి, లోపలివారు వెలుపలికి జరుగుచుందురు. చలిని సమముగా పంచుకొనుట అనవచ్చును. పెండ్లి మొదలు పిల్ల పుట్టువరకు దాదాపు నాలుగు నెలలు వానికి అన్నము లేదు.

ఈ గ్రుడ్ల కొరకు 1911 చలికాలమున ముగ్గురు ఇంగ్లీషువారు చేసిన యాత్ర లోకప్రసిద్ధము. విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ అనువారు, పక్షుల పూర్వీకులు సరీసృపములే అని ఈ పిండములలో తెలియవచ్చునను ఆశతో, అయిదు వారములు కటికచీకటిలో బండ్లీడ్చుకొని, సున్నకు అరువది డిగ్రీల దిగువ చలిలో, పండ్లు పటపటలాడి పగులుచుండగా, మూడు గ్రుడ్లు తెచ్చిరి. వారిలో బవర్స్ అంతకుముందు మన దేశపు నౌకాశాఖలో ఉద్యోగము చేసినవాడు; మన ఎండలు మరిగినవాడు ఆ చలిని ఎట్లోర్చెనో! అతడును విల్సనును మరుసటి సంవత్సరము తమ నాయకుడు స్కాటుతోపాటు మరణించిరి. గ్రుడ్లు లండను వస్తుప్రదర్శనశాలకు చేరినవి. కోరిన రహస్యము మాత్రము వానిలో దొరకలేదు.

నేడు ఈ పెంగ్విన్లను లెక్కించువారు కుర్చీలో కూర్చుండియే లెక్కించుచున్నారు. పక్షి నల్లనిదైనను ఉపగ్రహమునకు కనబడుట కష్టము. కాని వేలపక్షులు నెలలతరబడి నిలిచిన చోట మంచుమీద రెట్ట పేరుకొని గోధుమవన్నె మరకయగును, అది ఆకాశమునుండి చక్కగా కనబడును. ఆ మరకల జాడనే పట్టుకొని బ్రిటిషు పరిశోధకులు ఎవరికిని తెలియని స్థావరములను పెక్కింటిని కనుగొనిరి. 2022 చివర బెల్లింగ్స్‌హౌజెన్ సముద్రతీరమున వారు గమనించుచున్న అయిదు స్థావరములలో నాలుగింట మరక మాయమయ్యెను. పిల్లలకు ఒంటిమీది బొచ్చు రాలి, నీరంటని ఈకలు మొలుచుట డిసెంబరు నాటికి గాని పూర్తికాదు. ఆ యేడు కాళ్ళక్రింది మంచు అంతకుముందే విరిగి చెల్లాచెదరయ్యెను. ఈత రాని బొచ్చుపిల్లలు నీటబడిన తరువాత ఏమైనదో చూచినవారు లేరు. ఊహించుటకు కష్టము లేదు. రోత్స్‌చైల్డ్ దీవి వద్ద ఒక్కచోట మాత్రము పిల్లలు దక్కినవి.

మంచు తగ్గుటయే చెడుగు, పెరుగుటయే మేలు అని పాఠకులు సూత్రము కట్టుకొనవలదు. అడెలీ పెంగ్విన్ రాతినేలపై గూడు కట్టి, సముద్రమునకు పోయి, కడుపున క్రిల్ నింపుకొని వచ్చి, పిల్లకు కక్కి పెట్టును. ఫ్రెంచివారి స్థావరమున్న అడెలీభూమిలో 2014 మొదట ఒక్క పిల్లయైనను మిగులలేదు. 2017 మొదట దాదాపు 18,000 జంటలకు మిగిలిన పిల్లలు రెండే. కారణము మంచు లేమి గాదు. పెద్ద హిమఖండమొకటి విరిగి సముద్రప్రవాహముల రీతి మారి, తీరమున మంచు వేసవిలోను విడువక, తల్లిదండ్రులు వందకిలోమీటర్ల దూరము నడచి మేత తేవలసివచ్చుట. మొదటి యేట దానికితోడు అకాలపు వాన. మంచుకు తట్టుకొను బొచ్చు వానకు తడిసి, పిల్లలు చలికి బిగిసిపోయెను. ఇటు ఖండమునకు పడమటి కొమ్మున, అమెరికావారి పామర్ స్థావరము చెంత, మంచుకాలము కుదించుకొని పోవుటచే అడెలీ గుంపులు 1970 దశాబ్దమున ఉన్నదానిలో ఇంచుమించు పదవవంతునకు వచ్చెను. ఆ చోట్లకు మంచు అక్కరలేని జెంటూ పెంగ్విన్లు వచ్చి కాపురముండెను. కావలసినది మంచు తగిన కాలమున పట్టుట, తగిన కాలమున విడుచుట. వానను గూర్చి మనమును అంతే చెప్పుదుము.

ఆ కాలమే తప్పుచున్నది. ఉత్తరధ్రువమున మంచు నలుబదియేండ్లుగా తగ్గుచునే యుండగా, దక్షిణమున మాత్రము కొంచెము కొంచెముగా పెరుగుచు, 2014 సెప్టెంబరులో 2 కోట్ల చదరపు కిలోమీటర్లను మించెను. భూమి వేడెక్కుట బూటకమని వాదించువారు ఆనాడు ఈ లెక్కను తలపాగా చుట్టుకొని తిరిగిరి. రెండేండ్లు గడచినంతనే అది కూలెను. 2023 ఫిబ్రవరి 21న మిగిలినది 17 లక్షల 90 వేల చదరపు కిలోమీటర్లు మాత్రమే, ఉపగ్రహముల లెక్క మొదలైన నాటినుండి అంత తక్కువ ఎన్నడును లేదు. అదే సంవత్సరపు చలికాలమునను మంచు నిండుగా పట్టక, సెప్టెంబరున 1 కోటి 70 లక్షల లోపుననే ఆగిపోయెను. గాలులు, ఉప్పుదనము, లోతునుండి పైకి వచ్చు వెచ్చని నీరు, వీనిలో దేని పాలు ఎంత అను విచారణ జరుగుచున్నది. బొగ్గుపులుసు వాయువుచే వేడెక్కిన సముద్రము ఆ వేడిమిని లోపల దాచుకొని ఇప్పుడు వడ్డీతో చెల్లించుచున్నదని పెక్కురి భావము.

దూరముండుటచేత ఆ లోకము మనచేతులకు అందదనుకొనుట పొరపాటు. 1966లోనే, ఏ పైరును పండని ఆ ఖండపు అడెలీ పెంగ్విన్ల క్రొవ్వులో డి.డి.టి. కనబడెను. 2023 అక్టోబరులో కోళ్ళను చంపు ఇన్‌ఫ్లుయెంజా దక్షిణ జార్జియాకు స్కువా పక్షులతో చేరి, ఏనుగు సీళ్ళను కూల్చెను. మరు ఫిబ్రవరికి ఖండమునే తాకెను. అంతకు కొన్ని నెలల ముందే ఆర్జెంటీనా తీరమున ఈ తెగులుచే పదిహేడువేల సీలుపిల్లలు చచ్చియుండెను.

తిమింగలములు తరిగిపోయిన తరువాత ఓడలు ఊరకుండలేదు. 1970 దశాబ్దమున సోవియటువారు క్రిల్ పట్ట నారంభించిరి. నేడు దీనిని ముఖ్యముగా పట్టువారు నార్వే, చైనా దేశములవారు. పెంపుడు సాల్మన్ చేపలకు మేతగా, మనుష్యులకు నూనెగుళికలుగా అమ్ముచున్నారు. దానిని అదుపుచేయుటకు 1980లో దక్షిణధ్రువపు జలజీవుల రక్షణకొరకు ఒక ఒడంబడిక కుదిరి, 1982 నుండి అమలులోనికి వచ్చెను. దాని కార్యస్థానము ఆస్ట్రేలియాలోని హోబర్ట్. భారతదేశము అందు సభ్యురాలు. అట్లాంటికు వైపున ఏటికి 6,20,000 టన్నుల కంటె ఎక్కువ పట్టరాదని హద్దు గీచిరి. మొత్తము క్రిల్‌తో పోల్చినచో ఇది నూటికి ఒక పాలైనను కాదు. వ్యాపారులు ఈ మాటయే అనుదినము జపించుచున్నారు. కాని గోదావరి నిండుగా పారుచున్నదన్నంత మాత్రమున శివారు పొలము తడువదు. ఓడలు మహాసముద్రమంతటను తిరుగవు. క్రిల్ దట్టముగా చేరు కొన్ని జలసంధులలోనే వలలు దించును, పెంగ్విన్లు పిల్లలకు మేత తెచ్చుకొనునదియు ఆ చోట్లనే, కోలుకొన్న తిమింగలములు వచ్చి మేయునదియు ఆ చోట్లనే. ఆ హద్దును ప్రాంతములవారీగా పంచియుంచిన నిబంధన 2024తో గడువు తీరినది. సభ్యులు క్రొత్తదానికి అంగీకరింపలేకపోయిరి. 2025లో ఓడలు హద్దును ఆగస్టులోనే ముట్టగా, ఆ వేటకాలమును నడుమనే మూసివేయవలసి వచ్చెను. అట్లు జరుగుట అదియే మొదటిసారి.

ఆ ఒడంబడిక సభలో తీర్మానమునకు సభ్యులందరి అంగీకారము కావలెను. ఒక్కరు కాదన్నను చాలును, ఆగిపోవును. 2016లో రాస్ సముద్రమున 15 లక్షల 50 వేల చదరపు కిలోమీటర్లను 35 ఏండ్లకు రక్షితప్రదేశముగా చేయగలిగిరి. వెడెల్ సముద్రమును, ఖండపు తూర్పుతీరమును అట్లే కాపాడవలెనను ప్రతిపాదనలు ఏటేటా వచ్చుచున్నవి, ఏటేటా రష్యా, చైనాల అభ్యంతరముచే వెనుకకు పోవుచున్నవి. మన ప్రభుత్వము 2021లో ఆ రెండింటికిని మద్దతు ప్రకటించినది. అందులో తూర్పుతీరమనగా, మొదట చెప్పిన మన ఓడ ముక్కు తగులు వైపు.

ఆ సభ ప్రతిసంవత్సరము అక్టోబరున హోబర్ట్‌లో కూడును. అప్పటికి మంచు తన ఉత్తరపు అంచునుండి విరుగుట మొదలిడియుండును. అడుగున నాచు చిక్కబడుచుండును. చక్రవర్తి పెంగ్విన్ పిల్లకు ఈకలు రావలెనన్న ఇంకను రెండు నెలలు పట్టును.